పెద్దరోడ్డు మీద వెనుకబండి సంగతి



యీ కార్యక్రమంలో మీరు సాధారణంగా విత్తనాల గూర్చి, ఎరువుల గూర్చి, పురుగుమందుల గూర్చి వింటూ వుంటారు. ఇవాళ నేను రోడ్డు గూర్చి చెప్పబోతున్నాను. "సేద్యానికీ రోడ్డుకూ యేం సంబంధమయ్యా?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. కల్లంలో గింజ రాలినంత మాత్రాన పంట మన చేతికి వచ్చినట్టు కాదు. మార్కెట్టులో కాంటా మీదికి యెక్కి, చీటీ మన జేబులో పడి, మనం క్షేమంగా ఇల్లు చేరితేనే వచ్చినట్టు. కల్లానికీ కాంటాకూ నడుమ వున్నది రోడ్డే గదా. అందుచేత యిదిన్నీ సేద్యం సంగతే అని నేననుకుంటున్నాను.

మాది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి పల్లె. కోటగుళ్ళు వున్న ఘన్‌పూర్ ములుగు వైపున మరొకటి వున్నది. మాది రైలు స్టేషను వున్న ఘన్‌పూర్ గనుక స్టేషన్ ఘన్‌పూర్. సికింద్రాబాదు నుండి కాజీపేట మీదుగా బెజవాడకు రైలు 1889 నాటికే నడిచింది. నిజాం రాష్ట్రంలో సర్కారు బస్సులు 1932లో వచ్చాయి. మొదట మొత్తం కలిపి 27 బస్సులు. ఆ బస్సు వస్తున్నదంటే మా తాతలు బండ్లను రోడ్డు దింపి, యెడ్ల కండ్లకు చెయ్యి అడ్డం పెట్టేవారట, బెదరకుండా. ఇప్పుడు అదే హైదరాబాదు – వరంగల్ రోడ్డు జాతీయ రహదారి 163. పాత నెంబరు 202. నాలుగు వరుసలయింది. మామూలు రోజుల్లోనే రద్దీ. శనాదివారాల్లో యాదగిరిగుట్టకు పోయేవారు తోడవుతారు. రెండేండ్లకొకసారి మేడారం జాతర వచ్చిందంటే యిక చెప్పనక్కరలేదు, రోడ్డు దాటడానికి అరగంట నిలబడవలసిందే.

యీ రోడ్డు మీదనే మనం పత్తి, మిర్చి వేసుకుని ఎనుమాముల మార్కెట్టుకు పోతాం. వడ్లు వేసుకుని జనగామకు పోతాం. పాలక్యాన్లు కట్టుకుని మోటారుసైకిలు మీద పోతాం. మన ట్రాక్టరు లోడుతో గంటకు 20 కిలోమీటర్లు నడుస్తుంది. పక్కన పోయే కారు 100 నడుస్తుంది. ఎద్దునూ గుర్రాన్నీ ఒకే కాడికి కట్టినట్టన్నమాట. కట్టినవాళ్ళెవరైనా కట్టనీండి, కాడి కింద మెడ మనది.

ఇక అసలు సంగతి. వెనుక తగులుకుని వచ్చేవాడొకడు వుంటాడు, మీరందరూ యెరుగుదురు. మీరు మోటారుసైకిలు మీద పోతూ వుంటారు. అద్దంలో చూస్తే లారీ ముఖం తప్ప మరేమీ కనపడదు. రెండు బారల దూరంలో వుంటాడు. హారను ఆపడు. రాత్రి అయితే పెద్దలైటు వేసి ఆర్పుతూ వేస్తూ వుంటాడు. వీపు మీద యెవరో చెయ్యి వేసి నూకుతున్నట్టుంటుంది. అప్పుడు మనిషికి రెండు బుద్ధులు పుడతాయి. ఒకటి భయం: వాడికి అందకుండా ఇంకా జోరుగా పోదామని. రెండోది పంతం: ఒక్క బ్రేకు కొట్టి వానికి బుద్ధి చెబుదామని. రెండూ మనల్ని గుంతలో వేసేవే.

యెందుకంటారా? కొంచెం లెక్క చెబుతాను, వినండి. గంటకు 60 కిలోమీటర్ల మీద పోయే బండి ఒక్క సెకండులో దరిదాపు 17 మీటర్లు పోతుంది. ముందు యేదో అడ్డం వచ్చిందని కంటికి తెలిసి, కాలు బ్రేకు మీద పడేలోపలే ఒక సెకండు గడుస్తుంది. అంటే బ్రేకు ఇంకా పట్టకముందే బండి 17 మీటర్లు పోయింది. పట్టిన తరువాత ఆగడానికి ఇంకా అంతకంటె యెక్కువ కావాలె. వేగం రెండింతలయితే ఆగే దూరం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. రోడ్డు తడిసి వుంటే, లోడు బరువుగా వుంటే ఇంకా పెరుగుతుంది. రెండు బారల దూరంలో వున్న లారీవాడు మీరు బ్రేకు కొడితే ఆగలేడు. వాడు మంచివాడైనా ఆగలేడు. వానికి బుద్ధి చెప్పబోయి మనం వాని చక్రం కింద పడతాం. జోరు పెంచితేనో? వాడూ పెంచుతాడు. మీరు 60 మీద వున్నప్పుడు రెండు బారలు, 80 మీద వున్నప్పుడూ రెండు బారలే. అపాయం పెరిగిందే గాని తగ్గలేదు.

మరి యేం చెయ్యాలె? నాకు యీ పని నేర్పినవాడు ఒక పాత బస్సు డ్రైవరు, మా మేనమామ వరసవాడు. ముప్పై యేండ్లు బస్సు తోలి, ఒక్క దెబ్బ తగిలించకుండా దిగినాడు. ఆయన అన్న మాట యిది: "అల్లుడా, ఎనకోడు దగ్గరికొచ్చిండంటే నువ్వు ముంగటోనికి దూరం జరుగు." మొదట నాకు అర్థం కాలేదు. వెనుకవాడు మీదికి వస్తూ వుంటే ముందువాని సంగతి యెందుకు? ఆయన విడమరచి చెప్పినాడు. నీ ముందు చోటు బాగా వుంటే, యేదైనా అడ్డం వచ్చినప్పుడు నువ్వు ధడాలున ఆగనక్కరలేదు. మెల్లగా, విడతలు విడతలుగా తగ్గవచ్చు. నువ్వు మెల్లగా తగ్గితే వెనుకవాడు కూడా తగ్గడానికి వ్యవధి దొరుకుతుంది. వాడు వుంచుకోవలసిన చోటు వాడు వుంచుకోలేదు గనుక, వాని చోటు కూడా నువ్వే నీ ముందు వుంచుకోవాలె. అన్యాయమే. తప్పు వానిది, మోత మనది. కాని ప్రాణం కూడా మనదే గదా.

ఆ తరువాతి పని, ఎడమ సైగ వేసి, ఎడమకు జరిగి, వానికి దారి వదలడం. రోడ్డు అంచు బాగున్నచోట కొంచెం నిదానించి పోనిచ్చినా సరే. దీనికి మన మగవాళ్ళకు మనసొప్పదు. నేను గమనించాను, పొలం గట్టు దగ్గర జానెడు వదలనివాడు రోడ్డు మీద కూడా జానెడు వదలడు. గట్టు దగ్గర వదిలితే భూమి పోతుంది, నిజమే. రోడ్డు మీద వదిలితే యేం పోయింది? వాడు పోయినాక రోడ్డు మళ్ళీ మనదే.

పోయేవానితో కయ్యం వద్దు. చెయ్యి చూపడం, తిట్టడం, వెంబడించి టోల్‌గేటు కాడ పట్టుకుందామనుకోవడం, యివన్నీ వద్దు. మరీ ప్రమాదకరంగా తోలుతున్నాడనుకుంటే, బండి పక్కకు ఆపి, నెంబరు గుర్తుపెట్టుకుని, 112కు ఫోను చేసి చెప్పండి. జాతీయ రహదారి మీద సాయం కావలసివస్తే 1033 అనే నెంబరు కూడా వున్నది. బండి నడుపుతూ మాత్రం ఫోను తీయకండి.

ముందుబండికి తగిన యెడం వుంచాలన్నది మర్యాద మాత్రమే కాదు, చట్టం. ముందుబండి హఠాత్తుగా ఆగినా తగలనంత దూరంలో నడపాలని 1989 నాటి రోడ్డు నియమాలలోనే వున్నది. 2017లో వాటి స్థానంలో వచ్చిన నియమాలలోనూ వున్నది. ఆ దూరం కొలవడం యెట్లా? ఇంగ్లండులో రెండు సెకండ్ల లెక్క చెబుతారు. ముందుబండి ఒక స్తంభాన్ని దాటగానే మీరు లెక్కపెట్టడం మొదలుపెట్టండి. "వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు" అని తొందర పడకుండా అంటే రెండు సెకండ్లు. అది పూర్తి కాకముందే మీరు ఆ స్తంభం దగ్గరికి వచ్చారంటే మీరే వానికి తగులుకుని పోతున్నారన్నమాట. వానకాలంలో నాలుగు దాకా లెక్కపెట్టండి. జర్మనీవాళ్ళది ఇంకా సులువు లెక్క. మీటరు ముల్లు యెంత చూపితే అందులో సగం మీటర్ల దూరం. 60 మీద పోతూ వుంటే 30 మీటర్లు, అంటే పెద్దమనిషి నలభై అంగలు. యిప్పుడు మన రోడ్డు మీద చూడండి, నలభై అంగలు వదిలేవాడు యెవడు? వదిలితే నడుమ ఇద్దరు దూరుతారు, అంటారు. దూరుతారు. దూరనీండి. మళ్ళీ వదలండి. ఘన్‌పూర్ నుండి కాజీపేట చేరేలోపల పదిమంది దూరినా మీరు చేరేది రెండు నిమిషాలు ఆలస్యంగా.

యింతవరకు లారీవాళ్ళనూ కార్లవాళ్ళనూ అన్నాను. ఇప్పుడు మన సంగతి చెప్పాలె. యిది చెప్పడానికి నాకు కొంచెం కష్టంగా వున్నది.

కొన్నేండ్ల క్రిందట, పత్తి రోజులు. తెల్లవారుజామున లోడు కట్టుకుని ఎనుమాములకు బయలుదేరాను. మంచు బాగా పడుతున్నది. పెండ్యాల దాటి పోతున్నాను. నా వెనుక ఒక లారీ, ఆ లారీకి తగులుకుని ఒక కారు. లారీవాడు ఎత్తు మీద కూర్చుంటాడు, దూరం చూస్తాడు. నా ట్రాలీని చూసి ఆఖరు గడియలో కుడికి తిప్పుకుని పోయినాడు. కారువానికి అప్పటిదాకా కనపడిందల్లా లారీ వెనుక తలుపులే. లారీ పక్కకు తప్పుకోగానే యెదురుగా పత్తి కొండ. అంతే. నాకు వెనుకనుండి ఒక దెబ్బ, ట్రాక్టరు ఒక్కసారి ముందుకు యెగిరినట్టయింది. దిగి పోయి చూస్తే కారు ముందుభాగం ట్రాలీ కింద వున్నది.

లోపల వున్నది ఒక్కడే పిల్లవాడు, పాతికేండ్లవాడు. ప్రాణం దక్కింది. కాలు రెండుచోట్ల విరిగింది. 108కి ఫోను చేసి, బండి వచ్చినాక నేనూ వెంట పోయాను. ఆసుపత్రిలో అందరూ నాతో ఒకటే మాట అన్నారు: వెనుకనుండి తగిలినవానిదే తప్పు, నువ్వెందుకు భయపడతావు అని. చట్టం కూడా దరిదాపుగా అదే అంటుంది. పగలు పదిగంటలకు ఆ పిల్లవాని తల్లి వచ్చింది. నన్ను తిట్టలేదు. ఒకే ఒక్కమాట అడిగింది. "అన్నా, మీ ట్రాలీకి ఎనక లైటు లేకుండెనా?"

"పగిలిందమ్మా" అన్నాను.

పగిలింది నిజమే. లైటు, దాని డబ్బా, అన్నీ ముక్కలై రోడ్డు మీద పడివున్నాయి. అయితే ట్రాక్టరు నుండి ట్రాలీకి పోయే తీగ తెగి అప్పటికి ఎనిమిది నెలలు. ఆ లైటు ఆ రోజు వెలగలేదు. ఆ మాట మాత్రం ఆమెకు చెప్పలేదు. సాకెట్టు, రెండు గజాల తీగ, బల్బు, అన్నీ కలిపినా ఆ రోజు లోడులో ఒక్క బోరెం పత్తి ఖరీదు కాదు.

మా బాపు బండ్ల కాలంలో వరంగల్‌కు రాత్రిపూట పది పదిహేను బండ్లు వరసగా పోయేవి. బండివాళ్ళు సగంమంది నిద్రలోనే వుండేవారు. వెనుకబండి యెడ్లు ముందుబండిలో గడ్డి నోటికందేంత దగ్గరగా నడిచేవి. తగులుకుని నడవడం మనకు కొత్త కాదు చూశారా! అయినా యేమీ అయ్యేది కాదు, యెద్దు తనంతట తానే ఆగుతుంది గనుక. కాని అందరికంటె వెనుక బండికి ఇరుసు కింద లాంతరు వేలాడదీయకుండా మా బాపు ఊరు దాటనిచ్చేవాడు కాదు. గ్యాసునూనె చుక్కలు లెక్కపెట్టుకునే రోజులవి. ఆ లాంతరు వెలిగించిన ఇంట్లో పుట్టి నేను ఎనిమిది నెలలు చీకటి ట్రాలీ తోలాను.

కారు దీపం డిప్పు చేసి వుంటే దాని వెలుతురు నలభై యాభై మీటర్లకు మించి పోదు. 100 మీద వచ్చే కారుకు, 20 మీద నడిచే మన ట్రాలీకి నడుమ దూరం సెకండుకు 22 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. అంటే మనల్ని చూసిన తరువాత వానికి మిగిలేది రెండు సెకండ్లు. వెయ్యిన్నొకటి, వెయ్యిన్నిరెండు. అదే మన వెనుక ఎర్రదీపం వెలుగుతూ వుంటే, రేడియం పట్టీలు మెరుస్తూ వుంటే, వాడు మనల్ని ఎంతో దూరంనుండే పసికడతాడు.

కాబట్టి ట్రాలీ వెనుక తలుపుకు ఎర్ర రేడియం పట్టీ నిండుగా అంటించండి. దుమ్ము పడితే అది మెరవదు, బయలుదేరేముందు తడిగుడ్డతో తుడవండి. పత్తి బోరాలు, గడ్డి మోపులు వెనుకకు వేలాడి లైట్లను కప్పుతాయి. అట్లాంటప్పుడు లోడు చివర మరొక పట్టీ కట్టండి. ట్రాక్టరుకు కుడి ఎడమ చక్రాలకు వేరువేరు బ్రేకులు వుంటాయని మీకు తెలుసు. దుక్కిలో మలుపుకు అవి విడిగా వుండాలె. రోడ్డు యెక్కేముందు మాత్రం రెండు పెడళ్ళనూ గొళ్ళెంతో కలపండి. వెనుకవాడు హారను కొడితే కంగారులో ఒక్క పెడలే తొక్కితే ట్రాక్టరు గిర్రున తిరిగి ట్రాలీతో సహా బోర్లపడుతుంది. ట్రాలీకి సొంత బ్రేకు వుండదు, అది వెనుకనుండి నెడుతూనే వుంటుంది. మన ట్రాక్టరుకు ఎల్లప్పుడూ తగులుకుని వచ్చే బండి మన ట్రాలీయే, అని మా మేనమామ నవ్వేవాడు. ఇక ఆ ట్రాలీలో కూలిమనుషులను ఎక్కించుకుని పెద్దరోడ్డు మీదికి రావడం గురించి నేను వేరే చెప్పను. వెనుకనుండి దెబ్బ తగిలితే మొదట తగిలేది యెవరికో మీరే ఆలోచించండి.

మరొకటి. నడుమ కట్ట తెరిచిన చోటు కిలోమీటరు దూరంలో వున్నదని యెదురుదారిన తోలుకుని వస్తాం. డీజిలు మిగులుతుందని. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు యెదురుదారిన నడపడాన్ని ప్రమాదకరంగా నడపడం కిందనే పేర్కొన్నారు. మొదటిసారి పట్టుబడితే 1000 నుండి 5000 రూపాయల దాకా జరిమానా గాని, ఆరునెలలకు తక్కువ కాకుండా జైలు గాని, రెండూ గాని పడవచ్చు. మిగిలిన డీజిలు యెంతో మీరే లెక్క వేసుకోండి.

వడ్లు రోడ్డు మీద ఆరబోయడం గూర్చి అంటే మీకు కోపం వస్తుంది. దేవాదుల నీళ్ళు మా రిజర్వాయరుకు వచ్చాక వరి పెరిగింది, కల్లాలు పెరగలేదు. తారురోడ్డు మీద ఒక్కరోజులో ఆరుతాయి, మట్టి కలవదు. నేనూ పోసినవాణ్ణే. ఎవరూ తొక్కకుండా చుట్టూ రాళ్ళు పెడతాం, రాత్రికి నల్లటి పరదా కప్పుతాం. నల్లరోడ్డు మీద నల్లపరదా, దాని అంచున రాళ్ళు! వెనుక లారీ తరుముతూ వుంటే మోటారుసైకిలువాడు ఎడమకు తప్పుకుని దారి ఇద్దామనుకుంటాడు. ఇప్పటిదాకా నేను చెప్పిందే అతను చేస్తున్నాడు. ఎడమన మన రాళ్ళు వుంటాయి. లారీవాడు చేసిన తప్పునుండి తప్పించుకుని మన తప్పుమీద పడతాడు. అందరికీ సరిపడా కల్లాలు కట్టించాలని అడగవలసిందే, గట్టిగా అడుగుదాం. అవి వచ్చేదాకా పంచాయతీ జాగా, బడి ఆటస్థలం సెలవుల్లో, ఊరి లోపలి సిమెంటు రోడ్డు, యేదైనా చూసుకుందాం. పెద్దరోడ్డు మాత్రం వద్దు. పోసినవారు కనీసం వడ్లు యెత్తినాక రాళ్ళు కూడా యెత్తండి.

లారీ డ్రైవర్ల గూర్చి ఒకమాట అనకపోతే న్యాయం కాదు. వాళ్ళలో చాలామంది మనలాంటి ఇళ్ళవాళ్ళే. నిద్ర లేక, యజమాని ఫోను తట్టుకోలేక తోలుతూ వుంటారు. ఆ కష్టం నాకు తెలుసు. అయినా కష్టమున్నదని ఇంకొకని వీపు మీదికి బండి యెక్కించే హక్కు రాదు. బండ్ల వెనుక "హారన్ ప్లీజ్" అని రాయించుకోవడాన్ని మహారాష్ట్రలో 2015లో ఆపివేయించారు. అడిగి హారను కొట్టించుకోవడం యేమిటని వాళ్ళకు తోచింది కాబోలు. ఆ రాతతోపాటు హారన్లు తగ్గినాయని మాత్రం నేననుకోను.

దెబ్బ తగిలి పడివున్నవారిని చూస్తే, పోలీసులు మనల్ని తిప్పుతారని భయపడి పోకండి. సాయం చేసినవారిని వేధించకూడదనీ, ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పనక్కరలేదనీ 2019 సవరణ కింద చేసిన నియమాలలో స్పష్టంగా వున్నది. 108కి ఫోను చేయండి, వెనుక వచ్చే బండ్లకు కనిపించేట్టు దూరాన ఒక మనిషిని నిలబెట్టండి.

ఆ పిల్లవాడు ఆరునెలలకు నడిచినాడని తెలిసింది. కొంచెం కుంటుతాడట. యేడాది తరువాత నేను వాళ్ళ ఊరు పోయాను, ఆ తల్లికి ఆ రోజు చెప్పనిమాట చెబుదామని. ఇంటికి తాళం వేసి వున్నది. హైదరాబాదుకు పోయినారని పక్కవాళ్ళు చెప్పారు. అమ్మా, యెక్కడైనా వింటూ వుంటే, ఆ లైటు వెలగలేదమ్మా.

రేపు తెల్లవారుజామున నేను మిర్చి లోడుతో ఎనుమాములకు పోతున్నాను. మా అబ్బాయి ట్రాలీ వెనుక నిలబడి, "రెండూ ఎలుగుతున్నయే బాపూ" అని కేక వేసిన తరువాతనే క్లచ్చి వదులుతాను. సెలవు.